అప్పు ఒకరిది, వేధింపు మరొకరికి

విజయవాడలో అద్దె ఇల్లు మారినవాళ్లను అడిగితే ఈ అనుభవం చాలామంది చెబుతారు. పాలు పొంగించి వారం తిరక్కుండానే గేటు ముందు బైకు ఆగుతుంది. దిగిన కుర్రాడు చేతిలో ఫోను చూసుకుని ఒక పేరు గట్టిగా పిలుస్తాడు. అది అంతకుముందు ఆ వాటాలో ఉన్నాయన పేరు. ‘వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు బాబూ’ అంటే నమ్మడు. ‘అందరూ అలాగే చెప్తారండీ, లోపలుంటే పిలవండి’ అంటాడు. గొంతు తగ్గించడు. ఎదురింటి బాల్కనీలో ఇద్దరు, ఇస్త్రీ బండి దగ్గర ముగ్గురు ఆగి వింటారు. సాయంత్రానికి వీధిలో తిరిగే మాట ఒక్కటే: కొత్తగా దిగినవాళ్లకు అప్పులున్నాయట.

ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. ఫోన్లో జరిగేది ఇంకా దారుణం. కొత్త సిమ్ వేసుకున్న మూడో రోజు నుంచే ఎవరి పేరుతోనో పిలుపులు మొదలవుతాయి. ‘రాంగ్ నంబర్’ అని పెట్టేస్తే, గంటకు ఇంకో నంబరు నుంచి ఇంకో గొంతు. మొదట సార్ అంటారు, రెండో రోజుకు నువ్వు అంటారు, ఆ తర్వాత బూతులు. రిటైరై ఇంట్లో ఉన్న పెద్దాయన ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడతారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

వసూళ్ల దౌర్జన్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడి మీద జనం తిరగబడితే, అధికారులు సుమారు 50 శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో బయటపడిన కాల్ మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారంలో మహిళలు ఏం అనుభవించారో విజయవాడ మర్చిపోలేదు. వాళ్లందరూ అవసరానికి అప్పు తీసుకున్నవాళ్లు. తీసుకున్నంత మాత్రాన వాళ్లను అలా హింసించే హక్కు ఎవరికీ లేదు. ఇప్పుడు ఒక్క రూపాయి తీసుకోనివాళ్లు కూడా అదే వరసలో నిలబడుతున్నారు. అందుకే ఈ విషయం మీద విడిగా మాట్లాడాలని మేము అనుకున్నాం.

తప్పు ఎక్కడ పుడుతోందో చూద్దాం. మొదటిది ఫోన్ నంబరు. ఆగిపోయిన నంబరును టెలికాం కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత కొత్త కస్టమర్‌కు ఇస్తాయి. అప్పిచ్చిన సంస్థ దగ్గర మాత్రం పాత మనిషి పేరు మీదే అది ఉండిపోతుంది. రద్దయిన నంబర్ల జాబితాతో తమ రికార్డులను సరిచూసుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 17న బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు స్పష్టంగా చెప్పింది. చూసుకునే సాధనాన్ని టెలికాం శాఖ ఇప్పటికే సిద్ధం చేసి పెట్టింది. అయినా రాంగ్ నంబరుకు వాయిదా ఫోన్లు పోతున్నాయంటే దాన్ని పొరపాటు అనలేం. అది అశ్రద్ధ.

రెండోది పేరు. ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక పొడి అక్షరంగా. ఆధార్‌లో పొడి అక్షరం, పాన్ కార్డులో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అదే ఇంటిపేరు చివర. అన్నదమ్ములిద్దరూ తమ కొడుకులకు తాత పేరు పెట్టుకోవడం మన దగ్గర మామూలే. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే ఊరు, రెండేళ్లు అటూ ఇటూగా వయసు. పెద్దతరంలో చాలామందికి పుట్టినరోజు కూడా బడిలో చేర్చిన రోజు మాస్టారు ఉజ్జాయింపుగా వేసిందే. ఇలాంటి పేర్లను కంప్యూటర్ సగం సగం పోల్చి ‘ఇతనే’ అని తేలిస్తే, గుంటూరులో ఒక వెంకటేశ్వరరావు బాకీ ఇంకో వెంకటేశ్వరరావు సిబిల్ రిపోర్టులోకి, అంటే అప్పుల చరిత్రలోకి, ఎక్కడం వింతేమీ కాదు. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు గందరగోళం దీనికి తోడు.

ఇక ‘రిఫరెన్స్’ సంగతి. స్నేహితుడో, పాత ఆఫీసులో పక్క సీటు మనిషో అప్పు ఫారంలో మన నంబరు రాసేస్తాడు. మనకు చెప్పడు. అతను వాయిదా ఎగ్గొడితే ఫోను మనకు వస్తుంది: ‘మీరు రిఫరెన్స్ ఉన్నారు కదా, మీరే కట్టాలి’. ఇది అబద్ధం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం షూరిటీ అంటే, అతను కట్టకపోతే నేను కడతానని మాట ఇచ్చినవాడు. నంబరు ఎవరో రాసినంత మాత్రాన మనం మాట ఇచ్చినట్టు కాదు. చనిపోయిన తండ్రి అప్పు విషయంలోనూ అంతే. ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. ఆస్తే రాకపోతే కొడుకు జీతంలోంచి కట్టమని అడిగే హక్కు లేదు. వీటన్నింటికన్నా ప్రమాదకరమైనది, జిరాక్స్ షాపులోనో సిమ్ కౌంటర్‌లోనో ఇచ్చిన ఆధార్ కాపీతో ఎవరో మన పేరు మీద అప్పు తీసుకోవడం. అది నేరం, ఐటీ చట్టం 66సి సెక్షన్ కిందకు వస్తుంది.

కారణం ఏదైనా చివరికి జరిగేది ఒకటే. ‘ఆ మనిషిని నేను కాదు’ అని నిరూపించుకునే భారం అమాయకుడి మీద పడుతోంది. మా అభ్యంతరం అంతా ఇక్కడే. బాకీ ఉందని అడిగేవాడు కాగితం చూపించాలి. సంతకం చూపించాలి, డబ్బు ఏ ఖాతాలో పడిందో చూపించాలి. పల్లెల్లో ప్రోనోటు మీద అప్పిచ్చే రైతు కూడా పదిమందిలో అడగాలంటే నోటు జేబులో పెట్టుకుని వస్తాడు. ఇన్ని కంప్యూటర్లున్న సంస్థ మాత్రం ‘మీ ఆధార్ వాట్సాప్ చేయండి, చెక్ చేస్తాం’ అంటుంది. ఎవరో తెలియని ఏజెంటుకు ఆధార్, పాన్ పంపడమంటే, లేని అప్పుకు మనమే చిరునామా ఇచ్చినట్టు.

నిబంధనలు లేక కాదు. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని, నలుగురిలో అవమానించకూడదని, బంధువులను, స్నేహితులను, రిఫరెన్స్‌గా ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఆదేశించింది. ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం ఉండాలని 2008 నుంచీ ఉంది. ఆ 2008 నిబంధనల్లోనే ఇంకో మంచి మాట ఉంది: అప్పు తీసుకున్న మనిషి ఫిర్యాదు చేస్తే, అది తేలేదాకా ఫైలును రికవరీ ఏజెన్సీకి ఇవ్వకూడదు. మరి అప్పే తీసుకోని మనిషి ఫిర్యాదు చేస్తే? అతని గురించి అంత సూటిగా రాసిన మాట లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు లోన్ అకౌంట్ నంబరు నొక్కమంటుంది. లోనే లేనివాడు ఏం నొక్కుతాడు? కస్టమర్ కాకపోవడం వల్ల అతని గోడు వినే కిటికీయే లేకుండా పోయింది.

ఈ ఖాళీని పూడ్చాలని మేము రిజర్వు బ్యాంకును కోరుతున్నాం. ‘నేను ఆ మనిషిని కాదు’ అని ఒకసారి చెబితే చాలు, ఆ నంబరుకు, ఆ ఇంటికి వసూలు ప్రయత్నాలు వెంటనే ఆగాలి. సరిచూసుకోవడం సంస్థ పని. సరిచూసి, ఫలానా తేదీ నుంచి మీ నంబరు తొలగించామని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏజెన్సీ మారినప్పుడల్లా అదే కథ మళ్లీ మొదలు కాకుండా ఆ తొలగింపు ఫైలుతో పాటు వెళ్లాలి. ఇప్పుడు బాధితులను ఎక్కువగా ఏడిపిస్తున్నది ఇదే. ఒక ఏజెన్సీకి నెల రోజులు చెప్పి ఒప్పిస్తే, ఫైలు ఇంకో ఏజెన్సీకి పోతుంది, మళ్లీ మొదటి నుంచి.

అంతవరకు ఏం చేయాలి? ముందుగా భయపడవద్దు. ఫోన్ చేసిన మనిషి పేరు, ఏజెన్సీ పేరు, ఏ సంస్థ అప్పో అడగండి. మీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా మాత్రం చెప్పకండి. కాల్ రికార్డు, మెసేజీల స్క్రీన్‌షాట్లు దాచండి. ‘ఐదు వందలు కట్టేయండి, ఫైల్ క్లోజ్ చేయిస్తా’ అంటే ఒక్క రూపాయి కూడా కట్టకండి. పీడ వదులుతుందని కట్టిన ఆ ఐదు వందలే రేపు ‘అప్పు మీదే, అందుకే కట్టారు’ అనడానికి ఆధారమవుతుంది. వాట్సాప్‌లో వచ్చే ‘అరెస్టు వారెంట్’ కాగితాలు చూసి నిద్ర పోగొట్టుకోవద్దు. అప్పు కట్టకపోవడం ఒక్కదానికే పోలీసులు ఎవరినీ అరెస్టు చేయరు. అయితే నిజంగా కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి, లేదా న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌లో గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ రాయండి. నోటిమాట ఫిర్యాదుకు సాక్ష్యం మిగలదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఎలా రాయాలో 14448కు ఫోన్ చేస్తే చెబుతారు. అంబుడ్స్‌మన్ పథకం కస్టమర్ అన్న మాట చుట్టూ రాసిందే అయినా, ఫిర్యాదు పెట్టండి. ఇలాంటివి ఎన్ని వస్తున్నాయో వాళ్లకు కనిపించాలి. మీ క్రెడిట్ రిపోర్టు కూడా తెప్పించి చూసుకోండి. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అందులో మీది కాని అప్పు కనిపిస్తే సవరించమని అడగండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మీ పేరుతో ఎవరో అప్పు తీసుకున్నారని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పోలీసు స్టేషన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. బాధితుడు ధైర్యం చేసి వెళ్తే ‘ఇది సివిల్ మేటర్, బ్యాంకుతో మాట్లాడుకోండి’ అని పంపేస్తున్నారన్న మాట తరచూ వినిపిస్తోంది. రెండు పక్షాల మధ్య ఒప్పందం ఉంటే కదా సివిల్ తగాదా. ఇక్కడ ఒప్పందమే లేదు. సంబంధం లేని మనిషికి ఫోన్ చేసి ‘ఇంటికొచ్చి చూస్తాం’ అని బెదిరిస్తే అది భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ చెప్పే నేరపూరిత బెదిరింపు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపే హక్కు పౌరుడికి చట్టం ఇచ్చింది. అయినా పెద్దవయసులో ఉన్నవాళ్లను, ఒంటరిగా ఉండే మహిళలను అంతదూరం తిప్పడం ఎందుకు? ఫిర్యాదు తీసుకుని, అక్కడి నుంచే ఆ ఏజెన్సీకి ఒక ఫోన్ చేస్తే చాలాసార్లు సమస్య ఆ పూటే తెగిపోతుంది.

వసూళ్లకు తిరిగే కుర్రాళ్ల మీద మాకు కోపం లేదు. చాలామంది చదువుకుని వేరే ఉద్యోగం దొరక్క, వసూలైన దాంట్లో కమిషన్ మీద ఎండలో తిరిగేవాళ్లే. వాళ్ల చేతికి తప్పు పేరు, తప్పు నంబరు ఇచ్చి వీధిలోకి తోసిన సంస్థ జవాబు చెప్పాలి. ఏజెంటు చేసిన పనికి తమకు బాధ్యత లేదని చెప్పుకునే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఏ సంస్థకూ లేదు.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు బ్యాంకర్లతో జరిపే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాలు, పొదుపు సంఘాల రుణాలు చర్చకు వస్తుంటాయి. ఈసారి సమావేశంలో ఇంకో ప్రశ్న కూడా అడగాలని కోరుతున్నాం: ‘ఆ అప్పు నాది కాదు’ అంటూ ఈ మూడు నెలల్లో మీకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఎన్నింటికి రాతపూర్వకంగా జవాబిచ్చారు?