ముఖం బూన్‌ది, ఒళ్లు ఎవరిది?

వాదన 1820లో అమెరికా చిత్రకారుడు చెస్టర్ హార్డింగ్ వేసిన డేనియల్ బూన్ చిత్రం గురించి. బూన్ అక్కడి అడవుల్లో దారులు వేసిన పేరున్న వేటగాడు. ఒకరు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఇంకొకరు చరిత్ర చెప్పే లెక్చరర్ మేడమ్.

మాస్టారు: మేడమ్, ముందు ఒక్కటి ఒప్పుకోండి. కెంటకీకి దారి తెరిచిన బూన్‌ను ఎదురుగా కూర్చోబెట్టి వేసిన బొమ్మ మనకు తెలిసి ఇదొక్కటే. మిగతావన్నీ ఊహలే.

మేడమ్: ఒప్పుకున్నాను. కానీ ఎప్పుడు వేశాడు మాస్టారూ? ఆ జూన్‌లో బూన్‌కి 85 ఏళ్లు, సెప్టెంబరు 26న పోయాడు. కెంటకీకి అడవిలో దారి, ఆ వైల్డర్‌నెస్ రోడ్, కొట్టింది 1775లో. మీ చిత్రకారుడు 45 ఏళ్లు లేటు.

మాస్టారు: రావడమే గొప్ప అనండి! అతను ఆర్ట్ స్కూలు మొహం చూడలేదు, సైన్‌బోర్డులు రాసుకుని బతికాడు. సెయింట్ లూయిస్ నుంచి వెతుక్కుంటూ వెళ్తే మిస్సోరీలో ఓ పాత గుడిసెలో ముసలాయన పడుకుని ఉన్నాడు. తుపాకీలో మందు కూరే కడ్డీకి జింక మాంసం చుట్టి, ఉప్పూ మిరియాలూ వేసి కాల్చుకుంటున్నాడు. ఎప్పుడైనా దారి తప్పారా అంటే, తప్పలేదు గానీ ఒకసారి మూడు రోజులు తికమకపడ్డాను అన్నాడట. చూడండి, ఎంత బాగా చెప్పాడో!

మేడమ్: చెప్పింది బూనో, హార్డింగో? ఆ ముచ్చట మనకు దొరికింది హార్డింగ్ తన ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాల్లో.

మాస్టారు: బొమ్మ చూసి బూన్ ఆశ్చర్యపోయాడని, ఆయన మనవలూ మునిమనవలూ అంతకన్నా ఆశ్చర్యపోయారని కూడా ఉంది. పోలిక లేకపోతే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

మేడమ్: పోలిక గురించి కాదు నా గొడవ. ఆయనకి తల నిలిపే ఓపిక లేకపోతే ఒక పాస్టరు వెనక నిలబడి పట్టుకున్నారని చెబుతారు. ఆ చేతులు బొమ్మలో ఉన్నాయా? అక్కడి ఆదివాసీ తెగలతో జరిగిన పోరాటాల్లో పోయిన ఇద్దరు కొడుకులు, పట్టాల తగాదాల్లో పోయిన కెంటకీ భూములు, ఆయన ఇంట్లో చాకిరీ చేసిన బానిసలు? కనిపించేది నెరిసిన జుట్టు తాతగారు, అంతే.

మాస్టారు: పోర్ట్రెయిట్‌ని పట్టుకుని పంచాయతీ రికార్డు అడుగుతారేంటండీ!

మేడమ్: అడగకపోతే ఏమైందో చూశారుగా. అదే ఏడాది జేమ్స్ ఓటో లూయిస్ రేకు మీద చెక్కి అచ్చేసిన ఎన్‌గ్రేవింగ్‌లో ఈ బూనే లేచి నిలబడ్డాడు. తోలు బట్టలు, తుపాకీ, కాళ్ల దగ్గర కుక్క. తల నిలపలేని మనిషి! తర్వాత టీవీ వాళ్లు రకూన్ అనే జంతువు తోలు టోపీ కూడా పెట్టారు. ఆయన పెట్టుకునేది ఫెల్ట్ టోపీ.

మాస్టారు: (కాస్త ఆగి) టోపీ విషయంలో మీతోనే ఉన్నాను. అయితే నిలువెత్తు బొమ్మ హార్డింగ్ కూడా వేశాడు. అది పాడైతే ఆయన చేసిన పనేమిటో తెలుసా? తల మటుకు కోసి వేరే కాన్వాసుకి అతికించాడు. ఒళ్లు పోతే పోయిందనుకున్నాడు.

మేడమ్: అంటే ఆ ఒళ్లు కల్పితమని వేసినవాడికే తెలుసన్నమాట. నేను చెప్పేదీ అదేగా మాస్టారూ.

మాస్టారు: నేను చెప్పేది తల గురించి మేడమ్.