లెక్క చెప్పమంటే లాయర్లు దిగారు

బ్రిటన్‌లో అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ వెల్త్ ఆర్డర్లు ఫెయిలయ్యాయి అనగానే తప్పంతా జడ్జీల మీదకు తోసేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

2018 జనవరిలో అమల్లోకొచ్చిన చట్టం ఇది. 50 వేల పౌండ్లు దాటిన ఆస్తి ఉండి, దానికి తగ్గ ఆదాయం కనపడకపోతే, ఓనరు బ్రిటన్‌కీ యూరోపియన్ ఎకనామిక్ ఏరియాకీ బయటి రాజకీయ ప్రముఖుడో, సీరియస్ నేరాలతో లింకు ఉందన్న అనుమానం ఉన్నవాడో అయితే, డబ్బెక్కడిదో చెప్పమని హైకోర్టు అడుగుతుంది. నోరు మెదపకపోతే అది అక్రమాస్తి కిందే లెక్క. కాదని నిరూపించుకునే బాధ్యత ఓనరుదే.

మొదట దొరికింది జమీరా హాజియేవా. భర్త అజర్‌బైజాన్ ప్రభుత్వ బ్యాంకు మాజీ ఛైర్మన్, అప్పటికే అక్కడి జైల్లో ఉన్నాడు. ఈవిడ పదేళ్లలో లండన్‌లోని ఖరీదైన షాపు ఒక్క హారడ్స్‌లోనే కోటీ అరవై లక్షల పౌండ్లు ఖర్చుపెట్టింది! 2020లో అప్పీలు కూడా ఓడిపోయింది.

అదే ఏడాది సీను తిరగబడింది. కజకిస్తాన్ మాజీ అధ్యక్షుడి కూతురు దరిగా నజర్బయేవా, మనవడు నురాలీలకు చెందిన 8 కోట్ల పౌండ్ల లండన్ ఇళ్ల మీద ఆర్డర్లు కొట్టేశారు. దరిగా చనిపోయిన మాజీ భర్త రఖత్ అలియేవ్ నేరాల డబ్బుతో కొన్నారన్నది ఈ ఆర్డర్లు అడిగిన బ్రిటన్ దర్యాప్తు సంస్థ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ వాదన. దరిగాకి సొంతంగా ఆస్తులున్న సంగతి ఏజెన్సీ సరిగ్గా చూడలేదు. ఆఫ్‌షోర్ (విదేశాల్లో రిజిస్టరైన) కంపెనీల పేరుతో కొన్నంత మాత్రాన అది దొంగసొమ్మే అనలేం అంది జడ్జి. అందులో తప్పేముంది? మన ఏసీబీ కూడా ఆదాయానికి మించిన ఆస్తుల కేసంటే ముందు చెక్ పీరియడ్ (లెక్క తీసే కాలం) పెట్టుకుని జీతమెంత, ఖర్చెంత, మిగలాల్సిందెంత అని కూడికలు వేస్తుంది కదా. (కోర్టులో ఎన్ని నిలబడతాయన్నది వేరే కథ.)

అసలు దెబ్బ తీర్పు కాదు, బిల్లు. కేసు ఓడినందుకు అవతలి లాయర్ల ఖర్చుల కింద ఏజెన్సీ మీద దాదాపు 15 లక్షల పౌండ్లు పడ్డాయి. ఆ తర్వాత 2022 దాకా కొత్త ఆర్డరు ఒక్కటి అడిగితే ఒట్టు. డబ్బున్నవాడికి కావలసింది కూడా అదే: గెలవక్కర్లేదు, అవతలివాడికి టెన్షన్ పుట్టిస్తే చాలు.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో హడావిడిగా చట్టం మార్చారు. ఇప్పుడు ఏజెన్సీ అడ్డగోలుగానో, మోసపూరితంగానో వ్యవహరిస్తే తప్ప అవతలివాళ్ల ఖర్చులు కట్టక్కర్లేదు. ఇకముందు కేసు ఓడితే లాయర్ ఫీజుల వంక చెప్పడం కుదరదు.