సగ్గుబియ్యం కాదు అత్తయ్యగారూ

మా పాప దగ్గర ఓ చుక్కల బల్లి ఉంది, లెపర్డ్ గెక్కో. బల్లికి మేత కీచురాళ్ళు, కీచురాళ్ళకు దాహం, దాహానికి జెల్లీ, జెల్లీకి పెరుగు డబ్బా. గొడవంతా ఈ చివరి మెట్టు దగ్గర జరిగింది కాబట్టి మిగతావి గబగబా చెప్పేస్తాను.

బల్లి ఒక్కటే. రోజు విడిచి రోజు ఆరేడు పురుగులు తింటుంది. కానీ మేం తెప్పించే చోట 250కీ 1000కీ పోస్టు ఖర్చు ఒకటే కావడంతో, మన బుద్ధి ఎక్కడికి పోతుంది, వెయ్యి తెప్పించాను. అరంగుళం సైజువి. బల్లి రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా పెద్ద పురుగు వేయకూడదు. పైగా ఆ వయసుకి వాటికి రెక్కలు రావు, కనుక కూయవు. రెక్కలొచ్చిన మగవాటిదే ఆ కచేరీ అంతా. కాపురం 60 లీటర్ల నున్నటి ప్లాస్టిక్ టబ్బులో. మూతకి జానెడు కిటికీ కోసి అల్యూమినియం జాలీ అంటించాలి, నైలాన్‌దైతే కొరికేస్తాయి. లోపల కోడిగుడ్ల అట్టలు నిలువుగా పేర్చాలి. పడుకోబెడితే రెట్ట గుంటల్లో పేరుకుని, తడి తగిలి, అమ్మోనియా కొట్టి, వారంలో టబ్బు టబ్బంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక నీళ్ళు. గిన్నెలో పోస్తే మునిగి చస్తాయి. స్పాంజి పెడితే రెండ్రోజులకే కుళ్ళు కంపు. అందుకని పాలిమర్ పలుకులు వాడతాం. పిల్లల డైపర్లలో ఉండే సరుకు తాలూకు చుట్టమే. ఒక టీస్పూను ముప్పావు లీటరు నీళ్ళలో వేస్తే రెండు మూడు గంటల్లో ఉబ్బి, తెల్లగా, నిగనిగలాడుతూ... సరే, ఎలా ఉంటుందో చెప్పకపోవడమే నా తప్పు. ఒక చెంచాడు టబ్బులో పెట్టి, మిగిలింది రెండు పౌండ్ల పెరుగు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. పేరు రాయలేదు. మన ఇళ్ళలో పెరుగు డబ్బా మీద పేరు ఎవరు రాస్తారండీ? అందులో పెరుగు తప్ప ఏదైనా ఉండొచ్చునన్నది అందరికీ తెలిసిందే కదా.

అత్తయ్యగారిది సామర్లకోట. సగ్గుబియ్యం మిల్లుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. కర్రపెండలం పాలు పేరుకుని, పూసై, వేగి, ఎండడం చిన్నప్పట్నుంచీ చూసినావిడ. ఆవిడ కంటికి ఏది సగ్గుబియ్యమో ఏది కాదో తెలియదని నేనెలా అనుకుంటాను?

శనివారం పదింటికి బాల్కనీ తలుపు తీశాను. ప్లాస్టిక్ షీటు పరిచి ఉంది. అయిదు వరసలు, వరసకి ఎనిమిది.

"అల్లుడుగారూ, అమ్మాయి సగ్గుబియ్యం ఉడకబెట్టి మర్చిపోయిందండీ. పాడైపోతాయని వడియాలు పెట్టేశానండీ."

గరిటె నిండా కీచురాళ్ళ మంచినీళ్ళు. అందులో జీలకర్ర. పచ్చిమిర్చి ముద్ద. ఉప్పు. ఆ ఉప్పు దగ్గరే కథ మలుపు తిరిగింది. ఈ పాలిమరు మంచినీళ్ళని తన బరువుకి వంద రెట్లకు పైగా పట్టి ఉంచుతుంది గానీ, ఉప్పు తగిలితే చాలు, పట్టు వదిలేసి తాగినదాంట్లో చాలావరకు కక్కేస్తుంది. నా కళ్ళ ముందే మొదటి వరస వడియాలు చితికి, చెమర్చి, షీటు మీద చిన్న చెరువులయ్యాయి. అత్తయ్యగారు గరిటె ఆపి ఓ క్షణం చూశారు. తన సొంత ఊరు తనని మోసం చేసినట్టు చూశారు.

"అమెరికా సగ్గుబియ్యం కదండీ, జిగురుండదు. ఎండకి గట్టిపడతాయిలెండి."

అప్పుడు చెప్పాలి. చెప్పడమంటే ఏమిటి? అది తిండి కాదని, పురుగులకి పెట్టే నీళ్ళని, ఆ పురుగులు హాల్లో సోఫా వెనకాల వెయ్యి ఉన్నాయని. నిన్న ఆవిడ "ఏంటండీ ఆ టబ్బు" అంటే నేను "చలికాలం దుప్పట్లండీ" అన్నానని. బల్లి సంగతి తెలుసు. గోడెక్కదు కాబట్టి నెత్తిన పడదని, బల్లిశాస్త్రం దీనికి వర్తించదని అప్పటికి మూడు రోజులుగా ఒప్పిస్తున్నాను.

"బావున్నాయండీ," అన్నాను.

ఒకటే అదృష్టం. శనివారం ఆవిడకి ఒంటిపూట, ఉప్పు సరిచూడ్డానికి నోట్లో వేసుకోలేదు. ఏడుకొండలవాడు డాలస్ శివార్ల దాకా వచ్చి కాపాడాడు.

జూలై ఎండ. సాయంత్రానికి షీటు మీద జీలకర్ర, మిరప తొక్కలు, ఉప్పు మరకలు, అక్కడక్కడా కలకండ నలకల్లాంటి పొడి మాత్రమే మిగిలాయి. నలభై వడియాలూ మాయం. ఉడతలు తినేశాయని తేలింది. తేల్చింది ఆవిడే, నేను తలూపాను.

ఈలోగా అపార్ట్‌మెంటు ఆఫీసు నుంచి మెయిలు. బాల్కనీలో వస్తువులు ఆరబెట్టరాదు, ఫోటో జతపరిచాం, మళ్ళీ జరిగితే జరిమానా. మా ఏసీ నీళ్ళు కారుతోందని మూడు వారాలుగా రాస్తుంటే జవాబులేని మహానుభావులు, వడియం కనబడగానే నలభై నిమిషాల్లో ఫోటో తీసి పంపారు! ఏసీ కింద రెండు వడియాలు పెట్టి ఉండాల్సింది.

రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది, టబ్బులో జెల్లీ అయిపోయింది. పలుకుల ప్యాకెట్టు ఖాళీ. క్యారట్ ముక్కలు పెట్టొచ్చు, కానీ ఇంట్లో ఉన్న రెండు క్యారట్లూ సాంబారులో ఉన్నాయి. సాసరులో నీళ్ళు పోసి పెట్టాను. గులకరాళ్ళు వేయాలని తెలుసు. ఆ వేళప్పుడు గులకరాళ్ళెక్కడివి? కీచురాయి ఊపిరి తీసేది ఒంటి పక్కలనున్న సన్నటి రంధ్రాలతో, నోటితో కాదు. తలెత్తుకుని నిలబడ్డా సరే, ఒళ్ళు తడిసి రంధ్రాలు మూసుకుపోతే అంతే సంగతులు. పొద్దున్న లెక్కపెట్టాను, వంద దగ్గర ఆపేశాను. ఆ వాసనకి దుప్పట్ల అబద్ధం కూడా బయటపడింది.

ఇప్పుడు జెల్లీ డబ్బా మీద లావు మార్కరుతో "తినేది కాదు" అని రాశాను. పక్క డబ్బా మీద అత్తయ్యగారు తన చేత్తో "పెరుగు" అని రాశారు. మధ్యాహ్నం అన్నం చివర్లో మూత తీశాను.

గోంగూర.