నియమగిరిలో నమ్మకం, గజపతిలో అనుమానం

2024 వేసవిలో ఒడిశాలోని మా బరంపురంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా పూరీ జగన్నాథుడి గుడి ఖజానా అయిన రత్నభండారం తాళంచెవి మాటే. ఆ తాళంచెవి కనిపించడం లేదని 2018లో బయటపడింది. విచారణ కమిషన్ వేశారు, అది నివేదిక కూడా ఇచ్చింది. ఆ నివేదిక మాత్రం ఎన్నికల నాటికీ జనం ముందుకు రాలేదు. ఈలోగా, ఎన్నికలకు కొన్ని నెలల ముందు జనవరి 17న, నవీన్ పట్నాయక్ ప్రభుత్వం గుడి చుట్టూ కట్టించిన పరిక్రమ మార్గాన్ని ఘనంగా ప్రారంభించింది. ప్రచారంలో ప్రధానమంత్రి కూడా తాళంచెవి ఏమైందని అడిగారు. జూన్ 12న ప్రమాణ స్వీకారం చేసిన మోహన్ మాఝీ బీజేపీ ప్రభుత్వం మర్నాడే గుడి నాలుగు ద్వారాలూ తెరిపించింది. ఒక పార్టీ ఓడింది, ఇంకొకటి గెలిచింది. ఇద్దరూ నిలబడి ఓటడిగింది జగన్నాథుడి గుమ్మంలోనే.

ఈ పద్ధతి కొత్తది కాదు. ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగులు మనకు పరాయివాళ్లూ కారు. వాళ్ల పాత రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. సింహాచలం గుడి గోడల మీద వాళ్ల శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. 13వ శతాబ్దంలో ఆ వంశపు అనంగభీముడు రాజ్యం జగన్నాథుడిదనీ, తాను ఆయన ప్రతినిధిని మాత్రమేననీ ప్రకటించాడు. వినడానికి వినయంగానే ఉంటుంది. కానీ ఆనాటి నుంచి రాజుకు ఎదురు తిరగడమంటే దేవుడికి ద్రోహం చేయడమే అయింది. రథయాత్రలో పూరీ గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథం ఊడ్చే ఆచారాన్ని నేనూ భక్తితోనే చూస్తాను. ఆ సేవే సింహాసనానికి బలమైందన్న సంగతి కూడా చరిత్రలో ఉంది.

అందుకే మతం రాజకీయాల్లోకి రావచ్చా, రాకూడదా అన్న చర్చ నాకు పెద్దగా ఉపయోగపడదు. అది ఎప్పుడో వచ్చేసింది. అడగాల్సింది, విశ్వాసం విషయంలో అధికారం ఎవరి మాట నమ్ముతోంది, ఎవరిని అనుమానిస్తోంది అని. దీనికి జవాబు దొరికే రెండు చోట్లూ మన సరిహద్దులోనే ఉన్నాయి.

మొదటిది నియమగిరి. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండల మీద బాక్సైట్ తవ్వి లాంజిగఢ్‌లోని వేదాంత శుద్ధి కర్మాగారానికి పంపాలన్నది పథకం. అక్కడి ఆదివాసులైన డొంగ్రియా కోందులకు ఆ కొండ తమ దేవుడు నియమరాజు నివాసం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పుడు చదివినా ఆశ్చర్యం కలుగుతుంది. తవ్వకం వల్ల తమ దేవుడికీ, తమ ఆరాధనకూ భంగం కలుగుతుందా లేదా అన్నది గ్రామసభలే చెప్పాలంది. జిల్లా జడ్జి హోదా ఉన్న అధికారి పరిశీలకుడిగా కూర్చోగా, జులై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. కొన్ని ఊళ్లలో ఓటర్లు పదుల సంఖ్యలోనే ఉన్నారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. మరుసటి జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. దేవుడి పేరు చెప్పి జనం అధికారాన్ని ఆపగలిగిన అరుదైన సందర్భమిది. వాళ్లకు గుడి లేదు, ట్రస్టు లేదు, వెనక పార్టీ లేదు. తమ విశ్వాసం ఏమిటో తామే చెప్పుకునే హక్కు మాత్రం కోర్టు ఇచ్చింది.

రెండోది పక్కనే ఉన్న గజపతి జిల్లా. పర్లాకిమిడి దాటి కొండల్లోకి వెళ్తే సవర ఆదివాసుల ఊళ్లలో చర్చిలు చాలా కనిపిస్తాయి. అక్కడ నడిచేది 1967 నాటి ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం. బలవంతంతోనో, ప్రలోభంతోనో, మోసంతోనో మతం మారిస్తే ఏడాది దాకా జైలు, 5 వేల దాకా జరిమానా. మారినవారు మైనరైనా, మహిళైనా, ఎస్సీ, ఎస్టీ అయినా రెండూ రెట్టింపు. హైకోర్టు 1972లో ఈ చట్టాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు 1977లో మళ్లీ నిలబెట్టింది. 1989 నిబంధనల ప్రకారం మతం మారదలచిన మనిషి ముందుగా మేజిస్ట్రేట్ ఎదుట ప్రకటన ఇవ్వాలి.

ఆ రెట్టింపు శిక్ష దగ్గరే నా అభ్యంతరం. పేదల అవసరాన్ని ఆసరా చేసుకుని మతం అంటగట్టేవాళ్లు ఉంటే శిక్షించాల్సిందే, అందులో తగువు లేదు. అయితే నలభై ఏళ్ల సవర మహిళను, నలుగురు పిల్లల్ని పెంచిన మనిషిని, చట్టం మైనర్ పక్కన ఎందుకు నిలబెట్టాలి? నియమగిరిలో తన దేవుడెవరో చెప్పమని ఆదివాసీనే అడిగారు. ఇక్కడ అదే ఆదివాసీ తన దేవుడెవరో చెబితే, ఎవరు చెప్పించారో కనుక్కోమంటున్నారు. గనిని ఆపిన వివేకం చర్చి గుమ్మం దగ్గర లేకుండా పోతుందా?

పర్లాకిమిడి పక్కనే పాతపట్నం. అది దాటితే ఆంధ్ర, అక్కడ ఇలాంటి చట్టం లేదు. ఇటు అన్న, అటు చెల్లెలు ఉన్న సవర కుటుంబాలకు ఒకే ప్రార్థన ఒకవైపు సొంత విషయం, ఇంకోవైపు ఆఫీసు కాగితం. దళితుల బాధ ఇంకో రకం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుంది. ఎస్టీలకు ఆ షరతు లేదు. ఒకే ఊళ్లో, ఒకే చర్చిలో కూర్చున్న ఇద్దరి మధ్య ఈ తేడా పెట్టే గొడవలు చిన్నవి కావు. 2008 ఆగస్టులో విశ్వ హిందూ పరిషత్ నేత స్వామి లక్ష్మణానంద హత్య తర్వాత ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద రేగిన మంటల్లో భూమి, రిజర్వేషన్ తగాదాలు కూడా కలిసే ఉన్నాయి. వేలమంది ఇళ్లు వదిలి అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయారు.

బరంపురం, గుణుపురం, రాయగడ తెలుగువాళ్లం ఈ విషయంలో మనది కాదులే అన్నట్టు ఉంటున్నాం. ఇక్కడ మనమూ సంఖ్యలో తక్కువవాళ్లమే. బరంపురం బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చేది మన నేత కుటుంబాల పెద్ద దేశిబెహరా ఇంటికి. ఆ హక్కును రేపు ఏ ప్రభుత్వమైనా విచారణకు పెడితే ఊరుకోం కదా. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చి తెలుగులో ఓటడిగే నాయకులను, 1967 చట్టంలోని ఆ రెట్టింపు శిక్ష నిబంధన తీసేస్తారా, మేజిస్ట్రేట్ ముందు ప్రకటన రద్దు చేస్తారా అని మనం అడగాలి. సవర ఊళ్లవాళ్లు ఒంటరిగా అడిగితే దాన్ని మతం గొడవ అంటారు. మనమూ కలిసి అడిగితే అలా అనడం కష్టం.