2 శాతం ఫీజు ఎవరి లాభంలోంచి పోతోంది?

మ్యూచువల్ ఫండ్ ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా చూసేది గత మూడేళ్లలోనో ఐదేళ్లలోనో వచ్చిన రాబడి. ఆ తర్వాత స్టార్ రేటింగ్, ఫండ్ మేనేజర్ పేరు. ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే ఫండ్ నడిపేందుకు ఏటా మన డబ్బులోంచి తీసుకునే ఫీజు శాతం, దాకా వచ్చేసరికి ‘రెండు శాతమే కదా’ అని పేజీ తిప్పేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. వచ్చే ఏడాది మార్కెట్ పెరుగుతుందో పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఫీజు కింద ఎంత పోతుందో మాత్రం డబ్బు పెట్టే రోజే దాదాపుగా తెలిసిపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 10 లక్షల రూపాయలు ఒకేసారి పెట్టి 30 ఏళ్లు కదపలేదనుకుందాం. ఖర్చులు తీయకముందు ఏటా 10 శాతం పెరిగిందనుకుందాం. ఫీజే లేకపోతే చివరికి అది 1.74 కోట్లు అవుతుంది. ఏటా 2 శాతం ఫీజు పోయి 8 శాతమే మిగిలితే చేతికొచ్చేది కోటి మీద కొంచెం. తేడా దాదాపు 74 లక్షలు, అంటే పెట్టిన అసలుకు ఏడు రెట్లకు పైనే. అదే ఫీజు 0.2 శాతం ఉంటే సుమారు 1.65 కోట్లు వస్తాయి. మార్కెట్ అదే, పెట్టిన డబ్బు అదే, ఓపిక అదే. మారింది ఫీజు ఒక్కటే.

ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, పోయిన ఫీజుతో పాటు ఆ ఫీజు మీద రావాల్సిన చక్రవడ్డీ కూడా పోయింది. మొదటి ఏడాది ఫీజు సుమారు 20 వేలు. ఆ 20 వేలు ఫండ్‌లోనే ఉండి 10 శాతం చొప్పున పెరిగి ఉంటే, మిగిలిన 29 ఏళ్లలో 3 లక్షల 17 వేలు అయ్యేది. రెండో ఏడాది ఫీజుదీ అదే కథ, మూడో ఏడాదిదీ అంతే. అందుకే కాలం గడిచేకొద్దీ నష్టం ముదురుతుంది. పదేళ్లకు తుది మొత్తంలో 17 శాతం, ఇరవై ఏళ్లకు 31 శాతం, ముప్పై ఏళ్లకు 42 శాతం తగ్గుతుంది. ఇరవై ఏళ్ల వయసులో మొదలుపెట్టి అరవై దాకా ఆగినవాళ్లకైతే సగానికి పైగా పోతుంది. త్వరగా మొదలుపెట్టమని అందరూ చెబుతారు. నిజానికి ఎక్కువ ఫీజు దెబ్బ గట్టిగా తగిలేది అలా త్వరగా మొదలుపెట్టినవాళ్లకే.

2 శాతం అనే అంకె చిన్నగా కనిపించడానికి దాన్ని మొత్తం పెట్టుబడితో పోల్చి చెప్పడమే కారణం. పెట్టుబడి మన సొంత డబ్బు, ఫండ్ సంస్థ సంపాదించి పెట్టింది కాదు. కాబట్టి ఫీజును రాబడితో పోల్చడం న్యాయం. 10 శాతం రాబడిలో 2 శాతం ఫీజు అంటే లాభంలో ఐదో వంతు. ధరల పెరుగుదల 6 శాతం ఉంటే అసలైన రాబడి 4 శాతమే. అందులో 2 పోతే సగం లాభం ఫీజుకే సరి. డబ్బు మొత్తం మనది, పడిపోయే రిస్కు మొత్తం మనది, నిజంగా మిగిలే లాభంలో మాత్రం సగం వాటా అవతలివాళ్లది. బాండ్ల లాంటి అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే, రాబడి తక్కువగా ఉండే డెట్ ఫండ్లలో ఒక్క శాతం ఫీజు కూడా ఇంతే బరువవుతుంది. అక్కడ దీన్ని పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ.

ఫీజు తీసుకునే పద్ధతి కూడా కంటికి కనపడకుండానే ఉంటుంది. ఏడాది ఫీజును రోజులకు పంచి, ఫండ్ ఆస్తుల్లోంచి తీసేశాకే ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, ప్రకటిస్తారు. 10 లక్షల మీద 2 శాతం అంటే రోజుకు 55 రూపాయల దాకా. బ్యాంకు ఖాతాలోంచి ఏదీ కట్ కాదు, మెసేజ్ రాదు. అదే 20 వేలకు ఏడాది చివర బిల్లు పంపి కట్టమంటే ప్రతి ఒక్కరూ ‘ఈ ఏడాది నాకేం చేశారు?’ అని అడుగుతారు. మార్కెట్ కుప్పకూలి 10 లక్షలు 7 లక్షలైన ఏడాదీ ఫీజు ఆగదు. పెట్టుబడి పెరిగి 50 లక్షలైతే అదే 2 శాతం ఏడాదికి లక్ష అవుతుంది. మేనేజర్ చేసే పని మాత్రం ఐదింతలు పెరగదు.

మంచి మేనేజర్ దొరికితే ఫీజు గిట్టుబాటు అవుతుందనే వాదన ఉంది. కొట్టిపారేయాల్సిన మాట కాదు, అలాంటివాళ్లు ఉన్నారు. కానీ 1990లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియం షార్ప్ మరుసటి ఏడాదే దీనికి చాలా సూటైన జవాబిచ్చారు. మార్కెట్ అంటే మదుపరులందరి మొత్తమే. ఇండెక్స్‌ను అనుసరించేవాళ్లకు, అంటే ఏరుకోకుండా మార్కెట్ సూచీలోని షేర్లన్నీ అదే పాళ్లలో కొనేవాళ్లకు, ఖర్చులు తీయకముందు, మార్కెట్ సగటు వస్తుంది. కాబట్టి షేర్లు ఏరుకుని కొనేవాళ్లందరి సగటూ మార్కెట్ సగటే అయి తీరాలి. ఖర్చులు తీశాక ఎక్కువ ఖర్చు పెట్టినవాళ్లే వెనకబడతారు. ఇందులో మేనేజర్ల తెలివి గురించి ఒక్క మాట లేదు, ఉన్నదంతా కూడికలు, తీసివేతలే.

ఇండెక్స్ ఫండే గెలుస్తుందని అమెరికా మదుపరి వారెన్ బఫెట్ కాసిన పందెం ఇదే విషయాన్ని అంకెల్లో చూపించింది. 2008 నుంచి 2017 వరకు పదేళ్లలో అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500ను అనుసరించే ఇండెక్స్ ఫండ్ ఒకవైపు, హెడ్జ్ ఫండ్లలో (సంపన్నుల కోసం నడిచే, ఫీజు ఎక్కువగా ఉండే ఫండ్లలో) డబ్బు పెట్టే ఐదు ఫండ్లు మరోవైపు. పందెం మొదలైన ఏడాది మార్కెట్ ఘోరంగా పడింది. అయినా చివరికి ఇండెక్స్ ఫండ్ సుమారు 126 శాతం లాభం ఇచ్చింది. ఆ ఐదింటిలో అన్నిటికంటే బాగా రాణించినదాని లాభం 88 శాతం లోపే. సగటు తీస్తే 36 శాతం దగ్గర ఆగింది. వాటిలో ఫీజు రెండంచెలు. లోపలి హెడ్జ్ ఫండ్ ఒకసారి తీసుకుంటుంది, పైన ఉన్న ఫండ్ మరోసారి తీసుకుంటుంది.

చౌక ఫండ్లను జనం మొదట్లో పట్టించుకోలేదు. 1976లో వాన్‌గార్డ్ సంస్థ స్థాపకుడు జాన్ బోగల్ సామాన్య మదుపరుల కోసం ఇండెక్స్ ఫండ్ తెచ్చినప్పుడు 15 కోట్ల డాలర్లు ఆశిస్తే 1.13 కోట్లే వచ్చాయి. తర్వాత పరిస్థితి మారింది. అమెరికాలో మదుపరుల డబ్బు మీద లెక్కగట్టిన ఈక్విటీ ఫండ్ల సగటు ఖర్చు 1996లో 1.04 శాతం, 2023 నాటికి 0.42 శాతం. జనం చౌక ఫండ్లకు మళ్లడం వల్లే ఇది చాలావరకు జరిగింది. సలహాదారుల ఫీజును ఫండ్ ఖర్చులో కలపకుండా విడిగా తీసుకోవడం కూడా మరో కారణం.

సలహాకు డబ్బు ఇవ్వడం తప్పని నేను అనను. మార్కెట్ సగం పడినప్పుడు, టెన్షన్‌లో అన్నీ అమ్మేయబోతున్న మనిషిని ఆపగలిగిన సలహాదారు తన ఫీజుకు ఎన్నో రెట్లు మిగిల్చినట్టే. నా అభ్యంతరమల్లా ఆ డబ్బు ఎన్‌ఏవీ చాటున, ఏటా కమిషన్ రూపంలో, సలహా ఇచ్చినా ఇవ్వకపోయినా పోతూ ఉండటం మీద. బ్రిటన్ 2012 చివరి నుంచి కొత్త అమ్మకాల మీద ఇలాంటి కమిషన్లను ఆపేసింది. భారత్‌లో 2013 జనవరి నుంచి ఫండ్లు అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటర్‌కు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. 2018 నుంచి యూరప్ నిబంధనలు మరో అడుగు ముందుకేశాయి. ఖర్చుల మొత్తాన్ని శాతంలోనే కాకుండా డబ్బు రూపంలోనూ మదుపరికి ఏటా చూపించాలి, దానివల్ల రాబడి ఎంత తగ్గిందో కూడా చెప్పాలి. ప్రతి దేశంలోనూ ఇది తప్పనిసరి కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ‘మీ ఖాతా నుంచి ఈ ఏడాది తీసుకున్నది ఇంత’ అనే ఒక్క వరుస స్టేట్‌మెంట్‌లో ఉంటే చాలు, వంద అవగాహన ప్రకటనలు చేయలేని పని అది చేస్తుంది.

ఇప్పటికే ఖరీదైన ఫండ్‌లో ఉన్నవాళ్లు రేపే అన్నీ అమ్మేయాల్సిన పని లేదు. అమ్మితే పన్ను, కొన్నిచోట్ల ఎగ్జిట్ లోడ్ (ముందుగా బయటికొస్తే ఫండ్ వసూలు చేసే రుసుము) పడతాయి. ముందు కొత్తగా పెట్టే డబ్బును తక్కువ ఫీజు ఫండ్‌కు మళ్లించవచ్చు. పాతదాని మీద చిన్న లెక్క వేసుకోవాలి. మారడానికి ఒకసారి 5 శాతం ఖర్చయి, ఆపైన ఏటా ఒక శాతం ఫీజు మిగిలితే, ఆ ఖర్చు తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. మరో రెండేళ్లలో ఆ డబ్బు అవసరమైనవాళ్లు కదపకుండా ఉండటమే మేలు. ఇరవై ఏళ్ల తర్వాత కావాల్సినవాళ్లు మారడం ఎంత ఆలస్యం చేస్తే అంత నష్టం.