బండ మీద బాకీదారు

మొన్న గురువారం జరిగింది. చెవుల వేడి ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను, అలా రాస్తే చదవడానికి ఏమీ ఉండదు.

నేను బ్యాంకు ఉద్యోగిని. ఏటా ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత వారోత్సవాలు జరిపిస్తుంది. అప్పు ఎందుకు తీసుకోవాలి, వాయిదా ఎలా కట్టాలి అని మాలాంటివాళ్లం ఊళ్లు తిరిగి చెప్పాలి. నా వాటాకి అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు మండలంలో, ఒడిశా సరిహద్దుకి ఆనుకున్న ఒక కొండ ఊరు వచ్చింది. పాడేరు దాటాక దారి గురించి రాయను, కడుపులో తిప్పుతుంది. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్న ఇలాకా అది. ఫోను సిగ్నలు మాత్రం ఇప్పుడిప్పుడే తడుముకుంటూ వస్తోంది.

ఊళ్లో డ్వాక్రా సంఘం ఆడవాళ్లు మిరియాలు ఎండబోసి, తయారై కూర్చున్నారు. బడి వరండాలో మాట్లాడుకుందామన్నాను. కానీ రీజినల్ ఆఫీసు హుకుం వేరే ఉంది. క్యాంపు ఫొటో జియోట్యాగుతో సహా, అంటే ఎక్కడ తీశామో తెలిసేలా, సాయంత్రం నాలుగింటిలోపు వాట్సాప్ గ్రూపులో పడాలి. పడకపోతే క్యాంపు జరగనట్టే. నేను వెళ్లినా వెళ్లనట్టే, వాళ్లు విన్నా విననట్టే. బడి దగ్గర సిగ్నలు లేదు. సిగ్నలు దొరికేది ఊరి మీదున్న బండ దగ్గర. అందుకని ఆర్థిక అక్షరాస్యతని బండెక్కించాం.

ఆ బండ ఖాళీగా ఏం లేదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) రేషన్ డిపో సేల్స్‌మన్, వేలిముద్రలు తీసుకునే ఈ-పోస్ మిషన్ పట్టుకుని అప్పటికే కొలువుతీరి ఉన్నాడు. ఏజెన్సీలో ఇది కొత్త కాదు. బియ్యం కింద డిపోలో ఉంటాయి, వేలిముద్ర పైన బండ మీద పడుతుంది, జనం రెండింటి మధ్యా ఎక్కుతూ దిగుతూ ఉంటారు. "మీ మీటింగు మీరు పెట్టుకోండి సార్, నా ముద్రలు నేను వేయించుకుంటాను" అన్నాడు.

బండకి ఓ అంచున నిలబడితే ఫోను ఒడిశాకి స్వాగతం పలుకుతుంది. ఇదో చిత్రం. 2014లో రాష్ట్రం రెండైనా స్పెక్ట్రమ్ లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఎక్కడో ఆదిలాబాద్‌లో తిరిగినా నా సిమ్ సొంతింట్లో ఉన్నట్టే. ఇక్కడ కాలు కొంచెం పక్కకి వేస్తే పరదేశం.

మరో అంచున మన టవరు అందుతుంది గాని, అది నా సిమ్ కంపెనీది కాదు. నా ఫోను నెట్‌వర్క్ లేదని మొండికేసింది. అప్పుడు సంఘం లీడరు కొడుకు, ఇంటరు చదివే కుర్రాడు, నా అజ్ఞానాన్ని పెద్దమనసుతో భరించి విషయం చెప్పాడు. 2025 జనవరిలో కేంద్రమంత్రి సింధియా ఓ ఏర్పాటు ప్రారంభించారట. మారుమూల ఊళ్లకి ఫోను అందించడానికి కేంద్రం పెట్టిన డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవరైతే, అది ఎవరిదైనా సరే, బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో సిమ్‌లు మూడూ దానికే అతుక్కోవచ్చు. దేశం మొత్తం మీద 27,000 టవర్లు, 35,400 పైచిలుకు ఊళ్లు. "ఈ టవరు ఆ లెక్కలోదే సార్. సెట్టింగుల్లోకెళ్లి డేటా రోమింగ్ ఆన్ చెయ్యండి" అన్నాడు. చేశాను. గీతలు లేచాయి.

ఇక్కడ నా ఫోను గురించి చెప్పాలి. పోయినేడు పాత ఫోను చచ్చిపోతే షోరూంకి వెళ్లాను. మొత్తం డబ్బు ఒక్కసారి పెట్టి కొనడం పల్లెటూరి పద్ధతి అన్నట్టు చూశాడు అక్కడి అబ్బాయి. వడ్డీ లేని వాయిదాలు, కొంచెం ముందు కట్టండి, మిగతాది నెలకి 2,899 అన్నాడు. వడ్డీ లేదు గాని ప్రాసెసింగ్ ఫీజు ఉంది, దాని మీద జీఎస్‌టీ ఉంది. బ్యాంకువాణ్ణి అయ్యుండి వేరేవాళ్ల దగ్గర అప్పేమిటని మీరు అడగొచ్చు. మా బ్రాంచిలో తీసుకోవాలంటే ఫారం నాకు నేనే ఇచ్చుకుని, రేపు రండి అని నాకు నేనే చెప్పుకోవాలి. అంత ఓపిక లేక సంతకం పెట్టేశాను. ఫోనులో ఓ యాప్ వేసి ఇచ్చారు. తీయడానికి వీల్లేదు. ఆఖరి వాయిదా కట్టేదాకా ఫోను నా చేతిలో ఉంటుంది గాని, దాని తాళంచెవి వాళ్ల చేతిలో ఉంటుంది. కొన్నానని ఇంట్లో అందరికీ మిఠాయి పంచాను. నిజానికి అది అద్దె ఇల్లు. ఓనరు ఎప్పుడైనా వచ్చి తాళం వేసుకోవచ్చు.

సరే, బండ. దాని మధ్యలో ఓ తొర్ర ఉంది. సిగ్నలు అన్నిటికన్నా బాగా తగిలేది అందులోనేనట. ఫోను అందులో పెట్టి, స్పీకరు పెట్టి మాట్లాడుకోవడం ఊరి అలవాటు. తొర్రలోంచి శబ్దం గుండ్రంగా, బరువుగా, పెద్దగా వస్తుంది. కొండ కింద ఆవులు కూడా వినగలవని కుర్రాడు గర్వంగా చెప్పాడు. ఫొటో ఎక్కించడానికి వీలుగా ఉంటుందని నా ఫోను అందులో పెట్టించాడు. ఫొటో తన ఫోనుతో తీస్తానన్నాడు.

నేను మొదలుపెట్టాను. సంఘాల లెక్కలు రాసే యానిమేటరమ్మ నా ఒక్కో వాక్యాన్నీ ఆదివాసీ ఒడియాలోకి మార్చి ముసలివాళ్లకి చెబుతోంది. పొదుపు అయింది, బీమా అయింది, అసలు విషయానికి వచ్చాను. "అమ్మా, అప్పు తీసుకోవడం తప్పు కాదు. వాయిదా తప్పడం తప్పు. ఆలస్యమైతే ఆ మచ్చ సిబిల్‌లో, అంటే మన అప్పుల చిట్టాలో, పడుతుంది. మాట మీద నిలబడేవాళ్లకే..."

తొర్రలో ఫోను గొంతు సవరించుకుంది.

ముందు ఏదో ట్రింగుమంది. ఆ తర్వాత ఒకావిడ హిందీ అందుకుంది. ప్రియమైన గ్రాహకులారా అని మొదలైంది. హిందీ కదా, ఇక్కడెవరికీ తెలియదులే అనుకుని నవ్వుమొహంతోనే తొర్ర వైపు జరిగాను. బకాయా అన్న దగ్గర సేల్స్‌మన్ తలెత్తాడు. రేషన్ లెక్కలు రాసేవాడికి ఆ మాట చెవిలో పడితే చాలు. ఆవిడ హిందీ ముగించి ఇంగ్లీషు అందుకుంది. ఇంటరు కుర్రాడికి అర్థమైపోయింది, పాపం వెంటనే ఆకాశం వైపు చూశాడు. అప్పటికి నేను ఫోను బయటికి లాగాను. శబ్దం తగ్గించే మీట నొక్కాను, తగ్గలేదు. పక్కమీట నొక్కితే తెర ఆరింది గాని గొంతు ఆరలేదు. తెర వెలిగితే ఎర్రటి అక్షరాలు: ఈ పరికరం తాత్కాలికంగా నిలిపివేయబడింది. చొక్కా జేబులో కుక్కాను. జేబులోంచి, సరిగ్గా గుండె దగ్గర నుంచి, తెలుగు మొదలైంది.

అది మామూలు తెలుగు కూడా కాదు. "ప్రియమైన వినియోగదారుడా! మీ యొక్క నెలసరి వాయిదా బకాయి ఉన్నది. తక్షణమే చెల్లించగలరు. చెల్లించని యెడల..." ఆ "యెడల" దగ్గర ఆవిడ ఒక్కక్షణం ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో ఆ రికార్డింగ్ చేయించినవాళ్లనే అడగాలి. ఆ విరామంలో బండ మీద ఈగ కదల్లేదు. ఈ-పోస్ మిషన్ మీద బొటనవేలు పెట్టిన తాత ఆ వేలు అలాగే ఉంచేశాడు.

తెలుగు అయిపోయింది. అయిపోయిందనుకున్నాను. అప్పటిదాకా నా ప్రతి వాక్యాన్నీ నిష్ఠగా ఒడియాలోకి మారుస్తున్న యానిమేటరమ్మ, దీన్ని మాత్రం ఎందుకు వదలాలి? మార్చేసింది. ఆ కంపెనీవాళ్లకి కూడా చేతకాని నాలుగో భాషలో నా పరువు చివరి వరసలో కూర్చున్న ముసలమ్మల దాకా చేరింది. అక్కడ నుంచి నవ్వు మొదలై ముందు వరస దాకా వచ్చింది.

ఇంత జరిగాక ఫోనులో ఆవిడ మళ్లీ హిందీ నుంచి మొదలుపెట్టింది.

"నేను కట్టేశానమ్మా. 5వ తేదీనే ఖాతాలోంచి కోసుకున్నారు. వాళ్ల పుస్తకంలో ఎక్కలేదేమో" అన్నాను. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మా కౌంటరు అవతల నిలబడి జనం నాతో చెప్పే మాట కూడా సరిగ్గా ఇదే. అలా చెప్పినవాళ్లని నేను ఎలా చూస్తానో, ముప్ఫై మంది ఆడవాళ్లు నన్ను అచ్చంగా అలాగే చూశారు. ఆ చూపు అంత మామూలుగా వస్తుందని నాకిప్పటిదాకా తెలీదు. నేను బ్యాంకు శిక్షణలో నేర్చుకున్నాననుకున్నాను.

ముందు వరసలో ఓ అమ్మ జాలిపడింది. "ఎంతేటి బాబూ?"

"రెండువేల ఎనిమిదొందల తొంభై తొమ్మిది."

"మేం నెలనెలా కడతన్నాం గదా. మా అప్పు ఎప్పుడూ ఇలా మాటాడనేదు బాబూ."

లీడరమ్మ అప్పటికే తీర్మానాల పుస్తకం తీసింది. సంఘం పొదుపులో డబ్బుందట. ఇవ్వడానికి అభ్యంతరం లేదట. కానీ సార్ సభ్యుడు కాదు, పైగా మగాడు, రూలు ఒప్పుకోదు. హామీ ఎవరైనా ఉంటే చూద్దామని చర్చ సాగింది. సేల్స్‌మన్ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మొహం చూస్తే కట్టేలాగే ఉన్నాడు" అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో నా గురించి ఎవరైనా ఇచ్చిన అత్యుత్తమ సర్టిఫికెట్ అది.

తాళం పడ్డ ఫోనులోంచి ఒక్క నంబరుకే కాల్ వెళ్తుంది, ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి. ఆ అమ్మాయి వినయంగా, ధ్రువీకరణ కోసం నా రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపానంది. ఆ ఓటీపీ వచ్చింది కూడా. ఎర్ర తెర వెనకాల టింగుమన్న చప్పుడు స్పష్టంగా వినపడింది. చదివే దారి లేదు. వేరే నంబరుకి పంపమంటే, నంబరు మార్చాలంటే పాత నంబరుకి వచ్చే ఓటీపీ చెప్పాలంది. ఇంతలో గీతలు పడిపోయి ఫోను కట్ అయింది. నేను గంటసేపు గీతల కోసం వెతికినప్పుడు ఎక్కడున్నాయో గాని, తాళం మోసుకురావడానికి మాత్రం కొండెక్కి వచ్చాయి.

విశాఖ వచ్చాక ఆ కంపెనీ జవాబుతో తేలింది. చెల్లింపు మా సిస్టంలో ప్రతిబింబించలేదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం, అంతే. చింత వాళ్లది, ప్రతిబింబం నాది. ఇలా ఫోన్లకి తాళాలు వేయొద్దని రిజర్వు బ్యాంకు 2024లో అప్పులిచ్చేవాళ్లకి చెప్పిందని, 2025లో మళ్లీ షరతుల మీద ఒప్పుకునే ఆలోచనలో పడిందని పత్రికల్లో చదివాను. ఆ షరతుల్లో ఆ గొంతు సంగతి కూడా చేరిస్తే సంతోషిస్తాను. కనీసం "యెడల" తర్వాత ఆగకుండా చూడమనండి.

ఇంతకీ ఫొటో. కుర్రాడు సరిగ్గా ఆ నిమిషాన తీశాడట. నేను గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాను, ముప్ఫై మందీ పగలబడి నవ్వుతున్నారు. యానిమేటరమ్మ దాన్ని మా మేనేజరుకి పంపితే ఆయన గ్రూపులో పెట్టేశాడు, నాలుగింటికి ముందే. రీజినల్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: "లబ్ధిదారుల్లో ఉత్సాహం కనిపిస్తోంది. సిబ్బంది అందరూ ఈ తరహాలో మమేకమై చెప్పగలరు."

ఆ ఉత్సాహం చూసి వచ్చే వారం ఇంకా లోపలున్న పంచాయతీకి నన్నే వేశారు. అక్కడ ఏ కంపెనీ టవరూ లేదట, ఫొటో రెండ్రోజులు ఆలస్యమైనా పర్లేదన్నారు. వెంటనే ఒప్పుకున్నాను.