గుడ్లగూబ గూడు చూడాలంటే పొలం పాస్‌బుక్ కావాలంట!

నిన్న సాయంత్రం అటవీ శాఖ నుంచి ఒక దరఖాస్తు వెనక్కొచ్చింది. అమలాపురం దగ్గర ఒక కౌలు రైతు తన వరిచేలో స్తంభం పాతి గుడ్లగూబ పెట్టె కడితే, అందులో తెల్లమొహం గుడ్లగూబల (బార్న్ ఔల్) జత చేరింది. వారానికోసారి నిచ్చెనెక్కి గుడ్లెన్ని, పిల్లలెన్ని అని రాసుకుంటామని డిగ్రీ చదివే పిల్లలిద్దరు అనుమతి అడిగారు. దాని మీద ఎర్రసిరాతో రాసిన మాట ఒక్కటే: "భూ యజమాని పాస్‌బుక్ నకలు, అంగీకార పత్రం జతపరచలేదు." నిచ్చెన ఎప్పుడు వేస్తారు, పెట్టె దగ్గర ఎంతసేపుంటారు, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవేవీ అడగలేదు. ఒళ్లు మండిపోతోందండి.

చట్టమే వద్దని నేననడం లేదు. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడమే కాదు, పక్షి గుడ్లను గానీ గూటిని గానీ కదిలించినా, ఇబ్బంది పెట్టినా వేటే. అలాగే ఉండాలి. చదువుకో పరిశోధనకో ఆ పని చెయ్యాలంటే 12వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతివ్వాలి. మొదటి షెడ్యూలు (ఎక్కువ రక్షణ ఉన్న ప్రాణుల జాబితా) పక్షయితే దానికి ముందు కేంద్రం ఒప్పుకోవాలి, మిగతావాటికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. మొదటి షెడ్యూలు ప్రాణి విషయంలో తప్పు చేస్తే తక్కువలో తక్కువ మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా. చచ్చిపడిన పక్షి కూడా ప్రభుత్వ ఆస్తే. చేతికి దొరికితే 48 గంటల్లో చెప్పి తీరాలి. ఇదంతా మంచిదే. కానీ ఇందులో పాస్‌బుక్ ఎక్కడుందండీ?

అడగాల్సింది ఏంటో నేను చెబుతాను. ఈ గుడ్లగూబ గుడ్లన్నీ ఒకేసారి పెట్టదు, రెండు మూడు రోజులకొకటి పెడుతుంది. మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి పిల్లలు కూడా ఒకటి తర్వాత ఒకటి బయటికొస్తాయి, పెద్దపిల్లకీ చివరిపిల్లకీ రెండు వారాల తేడా ఉంటుంది. పొదగడానికి నెల రోజులు, పిల్ల ఎగరడానికి ఎనిమిది తొమ్మిది వారాలు. పొదిగే మొదటి రోజుల్లో మనిషి నిచ్చెన వేస్తే తల్లి గుడ్లొదిలేసి పోవచ్చు. ఏడో వారం దాటాక మూత తీస్తే ఎగరడం రాని పిల్ల బెదిరి దూకేయొచ్చు. కింద చేలో నీళ్లుంటాయి, అందులో పడితే తడిసిన రెక్కలతో పైకి లేవలేదు. అంటే మూత తియ్యడానికి ఉన్నది ఈ రెండింటి మధ్య కొన్ని వారాలే. ఫైలు అటవీ శాఖ సెక్షన్ ఆఫీసు నుంచి రేంజికి, రేంజి నుంచి డివిజన్‌కి, అక్కణ్ణించి పైకి వెళ్లి వచ్చేసరికి పిల్లలు ఎగిరిపోతాయి. అనుమతిచ్చే మనిషి దరఖాస్తులో ముందు చూడాల్సింది ఆ తేదీలే.

బ్రిటన్‌లో 1981 చట్టం ప్రకారం ఇదే గుడ్లగూబని గూటి దగ్గర లైసెన్సు లేకుండా ఇబ్బంది పెడితే నేరం. అక్కడ లైసెన్సు ఇచ్చేది పని తెలిసిన మనిషికి. పొలంలోకి రానివ్వాలా వద్దా అన్నది ఆ మనిషికీ పొలం యజమానికీ మధ్య వ్యవహారం. రెండూ వేరు. ఇక్కడ రెండూ కలిపేసి మొత్తం పనిని కౌలు రైతు మెడకి కట్టారు.

ఎందుకంటున్నానంటే, మన కోనసీమలో దున్నేవాడి పేరున పొలం ఎక్కడుందండి? యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల కౌలు కార్డు కోసం సంతకం పెట్టమంటేనే పొలం పోతుందేమోనని భయపడతారు. ఆ కార్డు లేకపోతే కౌలు రైతుకి బ్యాంకులో పంట అప్పు పుట్టడం కష్టం. అప్పుకే పెట్టని సంతకం గుడ్లగూబకి పెడతారా? ఏ ఆఫీసుకెళ్లినా కౌలు రైతుకి ఇదే సమాధానం. ఇప్పుడు పక్షి లెక్కకి కూడా అదే తగిలించారు.

అన్నిటికంటే కడుపు మండేది ఇంకోటుంది. అదే చేలో అదే రైతు ఎలుకల మందు పెడితే ఎవరి సంతకమూ అక్కర్లేదు. నూకలు 480 గ్రాములు, నూనె 10 గ్రాములు, బ్రోమోడయోలిన్ 10 గ్రాములు కలపడం. ముందురోజు బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిలో పొట్లం వెయ్యడం. ఊరంతా ఒకే రోజు చేస్తారు. ఆ మందు తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. లోపల రక్తం కారుతూ మూడు రోజుల నుంచి వారం దాకా బతుకుతుంది, నడక మందగిస్తుంది, గట్టు మీద పట్టపగలే తూలుతుంది. గుడ్లగూబకి ముందు దొరికేది అలాంటి ఎలుకే. మందు పక్షి కాలేయంలో చేరి కూర్చుంటుంది. చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పూడ్చాలని చెబుతారు గానీ, పూడ్చేవాళ్లెంతమందో మీకూ తెలుసు. గూడు చూసేవాళ్లకి ఇన్ని కాగితాలు, గూట్లోకి విషం చేర్చే పనికి ఒక్క కాగితం కూడా లేదు.

దరఖాస్తు పెట్టిన ఆ డిగ్రీ పిల్లలకి నేను చెప్పేది ఇది. నిచ్చెన పక్కన పెట్టండి, అనుమతి లేకుండా పెట్టె ముట్టుకోవద్దు. అభయారణ్యం బయట, దూరంగా గట్టు మీద నిలబడి చూడటం వేట కాదు. యాభై మీటర్ల అవతల, చీకటి పడ్డాక రెండు గంటలు, 8×42 బైనాక్యులర్‌తో తల్లిదండ్రులు ఎన్నిసార్లు ఎర తెచ్చాయో రాయండి. ఫ్లాష్ వద్దు. గుడ్లగూబ అరగని బొచ్చు, ఎముకల్ని ఉండలుగా కక్కేస్తుంది, స్తంభం కింద పడే ఆ ఉండల్ని పెద్ద పక్షులు వేటకెళ్లాక వారానికోసారి ఏరి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. బొటనవేలంత నల్లటి ఉండ విడిపోతే బొచ్చు ముద్దలోంచి పుర్రెలు బయటపడతాయి, ముందుపళ్లు నారింజ రంగులో మెరుస్తూ. పందికొక్కువి ఎన్ని, చిట్టెలుకవి ఎన్ని అని వేరు చేసి లెక్కెయ్యండి. ఈ దాళ్వా (రబీ వరి)లో ఆ జత కనీసం ఎన్ని ఎలుకల్ని తిన్నదో ఆ లెక్కే చెబుతుంది.

చుట్టూ కిలోమీటరు లోపు చేలున్నవాళ్లకి చిన్న మనవి. వరి పొట్టదశ దాటేదాకా మందు పొట్లాలు ఆపి ఎలుకల బుట్టలు పెట్టించండి. బుట్టలు పెట్టేవాళ్ల కూలి మేం కొందరం కలిసి ఇస్తాం. ఆ పొలం యజమాని తెలిసినవాళ్లు ఇది చూస్తుంటే ఆయనకో ఫోన్ కొట్టండి. ఆ సంతకం గుడ్లగూబ గూటి కోసమేనని, కౌలు హక్కు కోసం కాదని చెప్పండి.